అంతరిక్షంలో ఆడవాళ్ళ బట్టలు, బాత్రూమ్, నెలసరి: తరచుగా అడిగే ప్రశ్నలు

అంతరిక్షం గురించి మాట్లాడమని అప్పుడప్పుడూ ఆడపిల్లల కాలేజీలకు పిలుస్తుంటారు. మైకు ఇచ్చి "ప్రశ్నలుంటే అడగండమ్మా" అంటే బ్లాక్ హోల్ గురించి ఒకటి, చంద్రయాన్ గురించి రెండు వస్తాయి. అసలు ప్రశ్నలు తర్వాత, నేను గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నప్పుడు వస్తాయి. "మేడమ్, ఒక్క మాట" అని పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు. ఒకసారి ఒక కాలేజీలో లెక్చరర్ గారు కూడా పిల్లలందరూ వెళ్ళేదాకా ఆగి మరీ అడిగారు. అలా చెవిలో అడిగినవన్నీ ఇక్కడ గట్టిగా రాస్తున్నాను.

వ్యోమగాములు రోజంతా ఆ తెల్ల సూట్‌లోనే ఉంటారా?

ఉండరు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం లోపల గాలి, ఒత్తిడి, వేడి అన్నీ మన గదిలో ఉన్నట్టే ఉంటాయి. అందుకని టీషర్టు, ప్యాంటు లేదా నిక్కరు, సాక్సులు వేసుకుని తిరుగుతారు. చాలావరకు బజార్లో దొరికే బట్టలే. తేడా ఏమిటంటే ప్యాంట్ల మీద వెల్‌క్రో పట్టీలు కుట్టి ఉంటాయి. పెన్ను, చెంచా, చిన్న టార్చి లాంటివి ఎక్కడైనా పెడితే ఎగిరిపోతాయి కాబట్టి వాటిని ఒంటికే అంటించుకుంటారు. జేబులు కూడా ఎక్కువే. ఆడవాళ్ళ బట్టలకు జేబులుండవన్న మన పాత గొడవ అక్కడ తీరిపోయింది.

సూట్లు రెండు రకాలు. రాకెట్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేసుకునేది ఒకటి. క్యాబిన్‌లో గాలి లీకైతే ప్రాణం కాపాడటానికి అది. స్టేషన్ బయటకు వెళ్ళి పని చేయడానికి వేసుకునే పెద్దది రెండోది. గొడవలన్నీ ఆ రెండో దానితోనే, దాని సంగతి కింద వివరంగా ఉంది.

చెప్పులు?

వ్యాయామానికి బూట్లు తప్ప ఇంకేమీ వేసుకోరు. నడవరు కదా. ఒక చోట నిలబడాలంటే గోడకున్న కడ్డీల కింద పాదం దూర్చి పట్టుకుంటారు. దానితో కొన్నాళ్ళకు అరికాలి చర్మం మెత్తబడి పొరలుగా ఊడిపోతుంది, పాదం పైభాగం గరుకుగా తయారవుతుంది. సాక్సు విప్పేటప్పుడు ఆ చర్మపు పొట్టు గదిలో తేలకుండా జాగ్రత్తగా తీయాలి. చెబితే పిల్లలు ముఖాలు చిట్లిస్తారు కానీ, ఎక్కువగా గుర్తుంచుకునేది మాత్రం ఇదే.

బట్టలు ఉతుక్కుంటారా?

ఉతకరు. స్టేషన్‌లో వాషింగ్ మెషీన్ లేదు. నీళ్ళు అంత ఖరీదు. వాడినన్నాళ్ళు వాడి, చెత్తతో పాటు సరుకుల నౌకలో కుక్కుతారు. ఆ నౌక తిరిగి వచ్చేటప్పుడు వాతావరణంలో కాలిపోతుంది. నాసా ఒకప్పుడు చెప్పిన లెక్క ప్రకారం లోదుస్తులు, సాక్సులు రెండు రోజులకొకసారి మారుస్తారు, పని బట్టలు పది రోజులకొకసారి, వ్యాయామం బట్టలు మూడుసార్లు చెమట పట్టాక. ఇలా ఒక్కరికి ఏడాదికి దాదాపు 68 కిలోల బట్టలు కావాలి. అంగారకుడి దాకా మూడేళ్ళ ప్రయాణమంటే ఇది నడవదని 2021లో నాసా, టైడ్ సబ్బుపొడి తయారుచేసే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అతి తక్కువ నీటితో ఉతికే సబ్బు కనిపెట్టాలన్నది ఉద్దేశం.

"అన్ని రోజులు ఒకే బట్టలా, ఛీ" అనకండి. అక్కడ వీధి దుమ్ము లేదు, ఎండ లేదు. బట్టకు బరువు లేదు కాబట్టి ఒంటికి అంతగా అంటుకోదు కూడా. మురికి చేసేది వ్యాయామం ఒక్కటే. ఎముకలు, కండరాలు కరిగిపోకుండా రోజుకు రెండు గంటల పైనే చేయాలి. ఆ చెమట కిందికి కారదు. వీపు మీద, నుదుటి మీద నీటి పొరలా పేరుకుంటుంది, కదిలిన కొద్దీ లావవుతుంది. మధ్యమధ్యలో ఆగి తువ్వాలుతో అద్దుకోవాలి. ఆ తడి తువ్వాలును పిండరు, ఆరేస్తారు. ఆవిరైన చెమటను యంత్రం పట్టుకుని మళ్ళీ తాగునీరు చేస్తుంది.

సునీతా విలియమ్స్ బట్టలు లేకుండానే పైకి వెళ్ళారట, నిజమేనా?

వాట్సాప్‌లో తిరిగిన కబురు అది. సగమే నిజం. 2024 జూన్ 5న ఆవిడ, బుచ్ విల్మోర్ స్టార్‌లైనర్ అనే నౌకలో బయల్దేరారు. సరిగ్గా ప్రయాణానికి ముందు స్టేషన్‌లో మూత్రాన్ని శుద్ధి చేసే యంత్రంలో పంపు పాడైంది. కొత్త పంపు అర్జెంటుగా పంపాలి, నౌకలో చోటు లేదు. దాంతో ఇద్దరి సూట్‌కేసులూ దించేసి ఆ చోట్లో పంపు పెట్టారు. ఎటూ వారం రోజుల పనే కదా అనుకున్నారు. స్టేషన్‌లో ఎవరికైనా అవసరానికని ఉంచిన బట్టలు వాడుకున్నారు. ఆగస్టులో సరుకుల నౌక వచ్చాక గానీ సొంత బట్టలు అందలేదు. నౌకలో సమస్యలొచ్చి ఆ వారం కాస్తా 286 రోజులైంది. 2025 మార్చి 18న తిరిగొచ్చారు.

బ్రా వేసుకోవాలా, అక్కర్లేదా?

గొంతు మరీ తగ్గించి అడిగే ప్రశ్నల్లో ఇది మొదటిది. మామూలుగా తేలుతున్నప్పుడు కిందికి లాగే బరువు లేదు, కాబట్టి ఆ ఆసరా అవసరం లేదు. వేసుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. ట్రెడ్‌మిల్ ఎక్కితే మాత్రం లెక్క మారుతుంది. అక్కడ పరుగెత్తాలంటే భుజాలకు, నడుముకు పటకాలు కట్టుకుని స్ప్రింగుల్లాంటి తాళ్ళతో నేలకు బిగించుకోవాలి, లేకపోతే మొదటి అడుగుకే పైకప్పుకు తగులుతారు. అంటే బరువు కృత్రిమంగా తెచ్చుకుంటున్నట్టే. బరువు లేకపోయినా పదార్థానికి జడత్వం పోదు, కుదుపు కుదుపే. అందుకని స్పోర్ట్స్ బ్రా తప్పనిసరి.

దానికన్నా ఎక్కువ బాధ పెట్టేవి ఆ పటకాలే. భుజాల మీద, తుంటి ఎముకల మీద ఒరుసుకుని కమిలిపోతుంది. ఈ ఫిర్యాదు చాలాకాలం విని విని, నడకకు వెళ్ళేవాళ్ళు వీపుకు తగిలించుకునే సంచుల పట్టీల పద్ధతిలో కొత్త పటకాలు తయారు చేశారు. 2007 ఏప్రిల్ 16న సునీతా విలియమ్స్ స్టేషన్‌లోనే బోస్టన్ మారథాన్ పరుగెత్తారు, 4 గంటల 24 నిమిషాల్లో. 42 కిలోమీటర్లు భుజాల మీద ఆ లాగుడుతో! నాకు ఆ పరుగు కన్నా ఆ భుజాల మీదే ఎక్కువ జాలి.

సైజు అక్కడికి వెళ్ళాక మారుతుందా?

మారుతుంది. ఒంట్లో నీరు కాళ్ళ నుంచి పైకి జరుగుతుంది. ముఖం ఉబ్బుతుంది, కాళ్ళు సన్నబడతాయి. వెన్నెముక సాగి ఎత్తు 3 శాతం దాకా పెరగొచ్చు. కింద కొలత తీసి కుట్టించుకున్న జాకెట్టు పైన బిగుతైతే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఈ సంగతి సూట్ దగ్గర మళ్ళీ వస్తుంది.

నెలసరి వస్తుందా? రక్తం గాల్లో తేలుతుందా?

వస్తుంది, మామూలుగానే వస్తుంది. మొదట్లో డాక్టర్లకు ఒక భయం ఉండేది. బరువు లేదు కాబట్టి రక్తం బయటికి రాకుండా వెనక్కి పొట్టలోకి పోతుందేమోనని. అలా జరగలేదు. గర్భాశయం తన కండరాలతో తానే బయటికి నెడుతుంది, దానికి భూమి సాయం పెద్దగా అక్కర్లేదు. పడుకున్నప్పుడు మనకు ఆగుతుందా? తేలడం కూడా ఉండదు. రక్తం చర్మానికి, ప్యాడ్‌కు అంటుకునే ఉంటుంది. ఇక్కడ వాడే ప్యాడ్లు, టాంపాన్లే (లోపల పెట్టుకునే దూది చుట్టలు) అక్కడా వాడతారు. వాడినవి కట్టి చెత్తలో వేస్తారు.

మార్చుకోవడమే కొంచెం పని. రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే ముందు కాళ్ళు దేనికో తగిలించుకోవాలి. తుడుచుకునే తడి గుడ్డ, కొత్త ప్యాడ్, పాతది పెట్టే కవరు, మూడూ వెల్‌క్రోకి అంటించి వరసగా పెట్టుకోవాలి. మన చిన్న బాత్రూముల్లో కొక్కెం లేక చున్నీ మెడలో వేసుకుని అవస్థ పడటం గుర్తుందా, కొంచెం అలాంటిదే.

వారం రోజులకు వంద టాంపాన్లు ఇచ్చారన్న కథ నిజమేనా?

నిజమే, చెప్పింది స్వయంగా శాలీ రైడ్. 1983 జూన్‌లో ఛాలెంజర్ అనే స్పేస్ షటిల్ నౌకలో వెళ్ళిన తొలి అమెరికన్ మహిళ. వారం ప్రయాణానికి వంద సరిపోతాయా అని ఇంజినీర్లు ఆవిడనే అడిగారు. కాదు, అది సరైన సంఖ్య కాదని ఆవిడ చెప్పారు. పాపం వాళ్ళు భద్రత కోసమే ఎక్కువ పెట్టామన్నారు. ఆవిడ సగానికి తగ్గించుకోవచ్చన్నారు.

అందరూ నవ్వుకునే కథే ఇది. నాకు మాత్రం వాళ్ళ మీద కొంత గౌరవం ఉంది, కనీసం అడిగారు. అడగకుండా తయారు చేసి ఇచ్చిన వస్తువుల చిట్టా చాలా పెద్దది. అంతరిక్షానికి వెళ్ళిన మొదటి మహిళ వాలెంటీనా తెరెష్కోవా సంగతే చూడండి. 1963 జూన్ 16న బయల్దేరి దాదాపు 71 గంటలు తిరిగారు, ఆ మూడు రోజులూ సూట్ విప్పలేదు. పేస్టు పెట్టారు, బ్రష్ మర్చిపోయారు. ఆవిడ వేలితోనే తోముకున్నారు. మన ఊళ్ళలో ఇది వింటే ఎవరూ ఆశ్చర్యపోరు, "వేపపుల్ల పెట్టాల్సింది" అంటారు.

నెలసరి రాకుండా ఆపేసుకుంటారా?

చాలామంది అదే చేస్తారు. కానీ ఎవరూ బలవంతం చేయరు. ఆ మహిళా, ఆవిడ డాక్టరూ కలిసి నిర్ణయించుకుంటారు. గర్భనిరోధక మాత్రలను మధ్యలో ఖాళీ ఇవ్వకుండా వరసగా వేసుకోవడం ఒక పద్ధతి. హార్మోన్ వదిలే లూప్ వేయించుకోవడం ఇంకొకటి, అది ఏళ్ళ తరబడి పని చేస్తుంది. మూడేళ్ళ అంగారక యాత్రకు ఒక్కరికే దాదాపు 1100 మాత్రలు కావాలని 2016లో వచ్చిన ఒక వైద్య పరిశోధనా పత్రం లెక్క వేసింది. ఆ బరువు, వాటి ప్యాకింగు, రేడియేషన్‌కు ఆ మందు నిలుస్తుందా అన్న అనుమానం, ఇవన్నీ చూస్తే లూపే నయమనిపిస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలకు సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు కొద్దిగా పెరుగుతుందని తెలిసిందే. అంతరిక్షంలో మెడ సిరల్లో రక్తం సరిగ్గా కదలదు. 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో 11 మంది వ్యోమగాములను చూస్తే ఆరుగురికి ఆ సిరలో రక్తం నిలిచిపోవడమో, వెనక్కి పారడమో కనిపించింది. ఒకరికి గడ్డ కట్టింది. కాబట్టి ఎవరికి ఏ మందన్నది ఒంటిని బట్టి చూస్తారు.

పెళ్ళికో, తిరుపతి ప్రయాణానికో మనవాళ్ళు మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే వాయిదా మాత్రలు వేరు. వ్యోమగాములే వేసుకుంటుంటే మాకేమిటని దీన్ని చూసి మొదలుపెట్టకండి, డాక్టర్ని అడగండి.

మెన్‌స్ట్రువల్ కప్పు వాడొచ్చుగా?

నెలసరి రక్తాన్ని లోపలే పట్టే చిన్న మెత్తటి కప్పు అది. వాడొచ్చనే అనిపిస్తుంది. చెత్త లేదు, ఏళ్ళ తరబడి మన్నుతుంది. చిక్కంతా కడగడం దగ్గరే. ధార కట్టే నీళ్ళు లేని చోట కప్పు కడగడమంటే తడి గుడ్డలతో తుడవడమే. 2022లో పోర్చుగల్‌లో ఒక చిన్న రాకెట్‌లో కప్పులు పెట్టి పంపి చూశారు, ఆ కుదుపులకు తట్టుకున్నాయి.

టాయిలెట్ ఎలా వెళ్తారు? నిజంగా ఎలా?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి నిదానంగా చెబుతాను.

చిన్న అల్మారా అంత గది. తలుపు మూసుకుని, పాదాలు కడ్డీ కింద దూర్చి నిలుపుకుంటారు. గోడకు పొడుగాటి గొట్టం, దాని చివర గరాటు. ఎవరి గరాటు వారిది. ఆడవాళ్ళది కోలగా ఉంటుంది, ఒంటికి ఆనించుకోవడానికి. ముందు ఫ్యాన్ ఆన్ చేయాలి. ఆ లాగే గాలే మన భూమ్యాకర్షణ అన్నమాట, మూత్రాన్ని గొట్టంలోకి పట్టుకుపోతుంది. గరాటు మరీ అదిమితే గాలి ఆడదు, మరీ ఎడంగా పెడితే బొట్లు బయట తేలతాయి. రెండింటి మధ్య సందు వెతుక్కోవాలి. రెండో పనికి చిన్న కన్నం ఉన్న సీటు, దానికి సంచి. పని అయ్యాక సంచి మూతి బిగించి డబ్బాలోకి తోస్తారు.

పాత టాయిలెట్‌తో ఆడవాళ్ళ ఇబ్బంది ఏమిటంటే సీటు మీద కూర్చుంటే గరాటు అందదు, గరాటు పట్టుకుంటే సీటు కుదరదు. మగవాళ్ళకు రెండూ విడివిడిగా నడుస్తాయి. మనకు రెండూ ఒకేసారి వస్తాయని గీసినవాళ్ళకు తోచలేదు. ఆడ వ్యోమగాములు చెప్పగా చెప్పగా, 2.3 కోట్ల డాలర్ల ఖర్చుతో తయారైన కొత్త టాయిలెట్‌లో గరాటునూ సీటునూ ఒకేసారి వాడుకునేలా అమర్చారు. పాతదానికన్నా 65 శాతం చిన్నది, 40 శాతం తేలిక. 2020 అక్టోబర్‌లో అది స్టేషన్‌కు చేరింది. దాన్ని మోసుకెళ్ళిన సరుకుల నౌక పేరు ఎస్.ఎస్. కల్పనా చావ్లా. ఈ ముక్క చెప్పినప్పుడల్లా హాల్లో ఒక్క క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత చప్పట్లు.

మూత్రం వృథా కాదు. మూత్రం, చెమట, ఊపిరి తేమ కలిపి 98 శాతం దాకా నీటిని తిరిగి రాబట్టగలిగామని నాసా 2023లో చెప్పింది.

ఆరోగ్యం మాట కూడా చెప్పాలి. మొదటి రోజుల్లో మూత్రం బిగపట్టినట్టు ఆగిపోవడం, ఇన్‌ఫెక్షన్లు రావడం ఆడవాళ్ళలో ఎక్కువగా చూశారు. గరాటుతో గొడవెందుకని నీళ్ళు తాగడం తగ్గించుకుంటే అది ఇంకా పెరుగుతుంది. మన బస్సు ప్రయాణాల్లో, స్కూళ్ళలో ఆడపిల్లలు చేసేదీ అదే కదా.

డైపర్లు వేసుకుంటారని విన్నాం. సిగ్గు కాదా?

రాకెట్‌లో వీపు మీద పడుకుని గంటల తరబడి బెల్టులతో కట్టేసుకుని ఉంటారు. బయట నడకకు వెళ్తే ఏడెనిమిది గంటలు. మధ్యలో సూట్ విప్పలేరు. ఇంకో దారి లేదు. మగవాళ్ళకు మొదట్లో తొడుగు, గొట్టం, సంచి ఉండేవి. ఆడవాళ్ళు షటిల్‌లోకి వచ్చాక ఆ తొడుగు పనికి రాదని పీల్చుకునే నిక్కరు ఒకటి తయారు చేశారు. దాన్ని వాడి చూసిన మగవాళ్ళు, తమ తొడుగుల కన్నా ఇదే హాయిగా ఉందనుకున్నారేమో, ఇప్పుడు ఆడా మగా అందరూ డైపర్ల రకమే వాడుతున్నారు. దాదాపు రెండు లీటర్లు పీలుస్తుంది. లోపల ఉండేది పసిపిల్లల డైపర్లలో ఉండే పొడే.

2021 నవంబర్‌లో మేగన్ మెకార్థర్ బృందం తిరిగి వస్తున్నప్పుడు డ్రాగన్ నౌకలో టాయిలెట్ లీకేజీ వల్ల వాడొద్దన్నారు. దారంతా డైపర్లతోనే. విలేఖరులు అడిగితే ఆవిడ దాచలేదు, ఏమంత గొప్పగా ఉండదు కానీ సర్దుకుంటామన్నారు.

బయట నడిచే సూట్ ఆడవాళ్ళకు సరిపోదా?

సరిపోయే సూట్లు ఉన్నాయి, సరిపోనివీ ఉన్నాయి. అమెరికా సూట్‌ను ఒక్కొక్కరికి కొలిచి కుట్టరు. చేతులు, కాళ్ళు, నడుము, ఛాతీ ముక్కలు వేరువేరు సైజుల్లో ఉంటాయి. కావలసినవి ఎంచుకుని జోడిస్తారు. ఛాతీ ముక్క గట్టి డొల్ల. కింది నుంచి దూరి, చేతులు పైకెత్తి భుజాలు ఇరికించుకుని తల బయటికి తీయాలి. బిగుతు జాకెట్టు తల మీంచి వేసుకున్నట్టే, కాకపోతే ఆ జాకెట్టు ఫైబర్‌గ్లాస్‌ది, సాగదు. అది మీడియం, లార్జ్, ఎక్స్‌ట్రా లార్జ్‌లో ఉంది. చిన్న సైజును 1990ల్లో ఖర్చు తగ్గించుకోవడానికి మానేశారు. ఆ మానేయడంతో నష్టపోయింది ఎవరో చెప్పనక్కర్లేదు.

వదులైతే ఏం? లోపల ఒళ్ళు జరుగుతుంది. భుజం కీలు సూట్ కీలుకు ఎదురుగా రాదు, చేయి చాచాలంటే సూట్‌తో కుస్తీ పట్టాలి. గాలి నింపిన సూట్ బెలూన్ లాంటిది, ప్రతి వంపుకూ ఎదురు తన్నుతుంది. అలా ఏడు గంటలు పని చేయాలి.

2019 మార్చిలో ఆన్ మెక్లెయిన్, క్రిస్టీనా కోక్ కలిసి బయటికి వెళ్ళాలి. మొదటిసారి ఇద్దరూ ఆడవాళ్ళే. అంతకు వారం ముందే బయట పనిచేసి వచ్చిన మెక్లెయిన్‌కు, తనకు మీడియమే సరిగ్గా కుదురుతుందని తెలిసింది. కింద శిక్షణలో ఆవిడ రెండు సైజులూ వాడారు, పైకి వెళ్ళాక ఒళ్ళు మారింది. ఆ సమయానికి సిద్ధంగా ఉన్న మీడియం ఒక్కటే. దాన్ని కోక్ వేసుకున్నారు, మెక్లెయిన్ బదులు నిక్ హేగ్ వెళ్ళారు. "సూట్ లేక ఆపేశారట" అని లోకమంతా గోల చేసింది. ఆవిడ ఆపమన్నది భద్రత కోసం, సరైన నిర్ణయమే. కానీ రెండో మీడియం ముందే సిద్ధంగా పెట్టి ఉండాల్సింది కదా అన్న ప్రశ్న అలాగే ఉంది. పెట్టాక, అదే ఏడాది అక్టోబర్ 18న కోక్, జెస్సికా మెయిర్ కలిసి 7 గంటల 17 నిమిషాలు బయట పనిచేశారు.

రష్యా వాళ్ళ ఓర్లాన్ సూట్‌కు వీపున తలుపు ఉంటుంది, అందులోంచి లోపలికి దిగుతారు. పట్టీలతో కొంత బిగించుకోవచ్చు. స్వెత్లానా సవిత్‌స్కాయా 1984 జులై 25న ఆ సూట్‌తోనే బయటికొచ్చి వెల్డింగ్ చేశారు. అంతరిక్షంలో బయటికొచ్చిన మొదటి మహిళ ఆవిడే. చంద్రుడి మీదకు ఇప్పుడు యాక్సియం కంపెనీ తయారు చేస్తున్న సూట్, అమెరికా ఆడా మగా జనాభాలో కనీసం 90 శాతం మందికి సరిపోవాలన్నది నాసా షరతు.

ఆ సూట్ లోపల ఏం వేసుకుంటారు?

ముందు డైపర్. దాని మీద ఒళ్ళంతా పట్టే ఒక లోచొక్కా, దానిలో దాదాపు 90 మీటర్ల సన్నటి గొట్టాలు అల్లి ఉంటాయి. వాటిలో చల్లటి నీళ్ళు తిరుగుతాయి. లేకపోతే ఒంటి వేడికి లోపల ఉడికిపోతారు. ఆ గొట్టాలు చర్మానికి నొక్కుకోకుండా కొందరు లోపల మెత్తటి పలచని బట్ట వేసుకుంటారు. మడత పడితే అయిపోయింది, ఏడు గంటలూ అది గుచ్చుతూనే ఉంటుంది. లోపల చేయి పెట్టి సర్దుకోలేరు. ముక్కు దురద పెట్టినా అంతే.

గోళ్ళు ఊడిపోతాయట?

కొందరికి ఊడాయి. చేతి తొడుగు వేలి కొసను గంటల తరబడి నొక్కడం వల్ల. అందుకే బయటికి వెళ్ళేవాళ్ళు గోళ్ళు పొట్టిగా కత్తిరించుకుంటారు, గాలి లాగే జాలీ పక్కనే కూర్చుని. ముక్కలు జాలీకి అంటుకుంటాయి, తర్వాత వ్యాక్యూమ్‌తో లాగేస్తారు.

పొడుగు జడ ఉంటే?

ఉండొచ్చు. వదిలేస్తే తల చుట్టూ గొడుగులా విచ్చుకుంటుంది. ఫొటోకు బాగుంటుంది, పనికి బాగుండదు. 1984 ఆగస్టులో జుడిత్ రెస్నిక్ జుట్టు ఐమాక్స్ కెమెరా బెల్టులో చిక్కుకుంది. కత్తెరతో కత్తిరించి విడిపించాల్సి వచ్చింది. జడో, ముడో వేసుకుని రబ్బరు బ్యాండు బిగించుకోవడమే మంచిది. సునీతా విలియమ్స్ 2006 డిసెంబర్‌లో అక్కడే జుట్టు కత్తిరించుకుని, జుట్టు లేని పిల్లల విగ్గులకు దానమిచ్చారు.

తలంటు ఎలాగో 2013లో కారెన్ నైబర్గ్ వీడియో తీసి చూపించారు. గొట్టం ఉన్న సంచిలో గోరువెచ్చని నీళ్ళు. కొంచెం కొంచెంగా కుదుళ్ళ మీద పిండుతారు, కొన్ని చుక్కలు మెరుస్తూ పారిపోతుంటే ఇంకో చేత్తో పట్టుకుంటారు. కడగక్కర్లేని షాంపూ రాసి, జుట్టును చివర్ల దాకా దువ్వుతారు. తువ్వాలుతో పైకి లాగి లాగి తుడుస్తారు. మళ్ళీ కొంచెం నీళ్ళు, మళ్ళీ తువ్వాలు. ఆరేదాకా విరబోసి వదిలేస్తారు. కుంకుడుకాయ రసం సంగతి అడిగిన పెద్దావిడకు నేను చెప్పింది: ఆ నురుగు ఒక్కసారి కంట్లోకి తేలిందా, ఇక చూసుకోండి.

స్నానం?

లేదు. తడి తువ్వాళ్ళతో ఒళ్ళు తుడుచుకోవడమే. చర్మం పొడిబారి దద్దుర్లు, దురద చాలామందికి వస్తాయి, క్రీములు ఉంటాయి.

చీర కట్టుకోవచ్చా?

ఒక్కసారి కట్టి ఫొటో తీసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరనుకుంటాను. కట్టి పని చేయడం మాత్రం కుదరదు. చీర నిలబడేది సగం లంగా నాడా వల్ల, సగం బట్ట బరువు వల్ల. కుచ్చిళ్ళు కిందికి జారేది బరువుతోనే. అది లేకపోతే అవి ఒక్కొక్కటీ విచ్చుకుని మోకాళ్ళ దాకా లేచొస్తాయి. పైట ఫ్యాన్ల వైపు పోతుంది. పిన్నీసు పెట్టుకుంటారా, అది ఊడితే తేలే ముల్లు. నూలు బట్ట నుంచి రాలే పీచు గాలి వడపోతల్లో చేరుతుంది, అదొకటి. పంజాబీ డ్రెస్ చున్నీ లేకుండా అయితే నాకు అభ్యంతరం కనిపించదు, కింద కాళ్ళ దగ్గర ఎలాస్టిక్ ఉంటే ఇంకా మేలు.

బొట్టు, గాజులు, తాళి?

బొట్టు బిళ్ళకు ఢోకా లేదు, జిగురుకు భూమ్యాకర్షణతో పని లేదు. కుంకుమ పొడి వద్దు, కళ్ళలోకి తేలుతుంది. మెడలో గొలుసు చొక్కా లోపల దోపుకుంటే సరే, సూట్ వేసుకునే ముందు మాత్రం తీసేయాలి. గాజు గాజులు పగిలితే ఆ ముక్కలను ఎవరు ఏరతారు?

మేకప్?

ఇష్టమైతే వేసుకుంటారు, చాలామంది వేసుకోరు. మొదటి ఆడ బృందం చేరినప్పుడు నాసా ఇంజినీర్లు తమకు తామే ఒక మేకప్ పెట్టె తయారు చేసి పెట్టారు, అడిగినవాళ్ళు లేరు. సవిత్‌స్కాయా 1982లో సల్యూత్-7 అనే సోవియట్ అంతరిక్ష కేంద్రానికి చేరగానే అక్కడున్న మగ వ్యోమగామి సరదాగా ఒక వంటింటి ఆప్రాన్ చేతికిచ్చాడు. ఆవిడ అప్పటికే జెట్ విమానాలు నడిపిన టెస్ట్ పైలట్. వంట మీ పనేనని తిరిగి చెప్పారట.

నడుం నొప్పి, నిద్ర?

వెన్నెముక సాగడం వల్ల మొదటి వారం చాలామందికి నడుం నొప్పి. మోకాళ్ళు ఛాతీకి ముడుచుకుని ఉంటే తగ్గుతుంది. నిద్ర గోడకు కట్టిన సంచిలో. దిండు అక్కర్లేకపోయినా కొందరు తలకు పట్టీ కట్టుకుంటారు, దేనికో ఆనినట్టు ఉండటానికి. ముఖానికి గాలి తగలాలి, లేకపోతే వదిలిన ఊపిరే ముక్కు దగ్గర నిలిచి తలనొప్పి వస్తుంది.

మన గుంటూరు అమ్మాయి శిరీష బండ్ల కూడా ఇవన్నీ పడ్డారా?

లేదు. 2021 జులై 11న ఆవిడ వెళ్ళిన వర్జిన్ గెలాక్టిక్ ప్రయాణం మొత్తం గంట లోపలే, తేలింది కొద్ది నిమిషాలే. అండర్ ఆర్మర్ కంపెనీ ఒక్కొక్కరి కొలతకు కుట్టిన నీలం సూట్ వేసుకున్నారు. కొలిచి కుట్టడం ఎంత హాయో అక్కడ కనబడుతుంది. 2025 ఏప్రిల్‌లో ఆరుగురు ఆడవాళ్ళు వెళ్ళిన బ్లూ ఆరిజిన్ ప్రయాణమైతే పదకొండు నిమిషాలే, వాళ్ళ సూట్లను ఫ్యాషన్ డిజైనర్లు గీశారు. వాటి మీద బోలెడు వెటకారాలు వచ్చాయి. ఒంటికి సరిపడా కుట్టినందుకు నాకు కోపం లేదు.

గగన్‌యాన్‌లో ఆడవాళ్ళకు ఏం ఏర్పాట్లున్నాయి?

2024 ఫిబ్రవరిలో ప్రకటించిన నలుగురు వ్యోమగాములూ మగవాళ్ళే, వైమానిక దళం టెస్ట్ పైలట్లు. ఆడరూపంలో ఉన్నది వ్యోమమిత్ర అనే రోబో, మనుషులు లేని ప్రయాణం కోసం. రోబోకు గరాటూ అక్కర్లేదు, మీడియం సైజూ అక్కర్లేదు. శ్రీహరికోట నుంచి ఆడవాళ్ళు ఎగిరే రోజుకు కొలతలు ఇప్పటి నుంచే తీసుకుంటే బాగుంటుంది. సీటు, సూట్, టాయిలెట్ మూడూ ఒకసారి తయారయ్యాక మార్చడం ఎంత కష్టమో పైన చూశారుగా.

తిరిగొచ్చాక ఏం వేసుకుంటారు?

దిగకముందే మొదలవుతుంది. ఉప్పు బిళ్ళలు, నీళ్ళు ఎక్కువగా తీసుకుంటారు. కాళ్ళను, పొట్టను బిగించే మేజోళ్ళ లాంటి దుస్తులు సూట్ లోపల వేసుకుంటారు. నిలబడగానే రక్తం కాళ్ళలోకి జారి కళ్ళు తిరగకుండా ఉండటానికి. ఈ కళ్ళు తిరగడం ఆడవాళ్ళలో ఎక్కువ. ఆ తర్వాత కొన్నాళ్ళు వదులు బట్టలు, మెత్తటి చెప్పులు. ఆరు నెలలు నేల తగలని అరికాళ్ళు పసిపిల్లల పాదాల్లా ఉంటాయి, చిన్న గులకరాయి తగిలినా కాలు వెనక్కి తీసుకుంటారు.